సందేహాలు – సమాధానాలు: సగం ఖర్జూరపు పండైనా సదఖాయే

ప్రశ్న: నా రాబడి ఇల్లు గడవడానికే సరిపోతుంది. నెలాఖరున మిగిలేది చిల్లర. అది సదఖాగా (దానంగా) ఇవ్వాలంటే నామోషీగా ఉంటోంది. కొంతకాలం కూడబెట్టి, ఒకేసారి చెప్పుకోదగ్గ మొత్తం ఇస్తే పుణ్యం ఎక్కువ రాదా?

జవాబు: ఈ నామోషీ ఇవాళ్టిది కాదు. దానం చేయమని ఆదేశం వచ్చినప్పుడు, చేతిలో ఏమీ లేని దైవప్రవక్త (స) సహచరులు కూలికి బరువులు మోసి, వచ్చినదాంట్లోంచి ఇచ్చేవారు. అబూ అఖీల్ (రజి) అర సాఅ్, అంటే ఇంచుమించు కిలోన్నర, ఖర్జూరాలు తెచ్చారు. మరొకాయన అంతకంటే ఎక్కువ తెచ్చారు. కపటులు ఇద్దర్నీ వదల్లేదు. ఈ కాస్త అల్లాహ్‌కు అక్కర్లేదని మొదటాయన్ని, పేరు కోసం తెచ్చాడని రెండో ఆయన్ని దెప్పారు. ఖుర్ఆన్‌లోని తౌబా సూరా (అధ్యాయం) 79వ ఆయత్ (వాక్యం) తప్పుపట్టింది ఆ దెప్పినవాళ్లను. కొంచెం తెచ్చినాయన్ని కాదు.

“సగం ఖర్జూరపు పండు ఇచ్చయినా సరే నరకాగ్ని నుంచి కాపాడుకోండి, అదీ లేకపోతే ఒక మంచి మాటతోనైనా” అని దైవప్రవక్త (స) చెప్పారు. అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు (ప్రవక్త మాటల ఉల్లేఖనం) బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. ధర్మసమ్మతమైన సంపాదనలోంచి ఒక్క ఖర్జూరమంత ఇచ్చినా అల్లాహ్ దాన్ని కుడిచేత స్వీకరించి, మీరు గుర్రప్పిల్లను సాకినట్టు కొండంత అయ్యేదాకా పెంచుతాడని ఇంకో హదీసు. ఇక్కడ షరతు పరిమాణానికి పెట్టలేదు, సంపాదనకు పెట్టారు. వడ్డీ, మోసం, ఇతరుల హక్కు కలిసిన సొమ్ము ఎంత పెద్దదైనా ఈ లెక్కలోకి రాదు. అలాంటిది చేతికి వస్తే అసలు హక్కుదారుకు తిరిగి ఇవ్వాలి. అతను ఎవరో తెలియకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకిచ్చి వదిలించుకోవాలి. దాన్ని సదఖా అనుకోకూడదు.

ఇక కూడబెట్టడం. ఒకరి వైద్యానికో, చదువుకో ఫలానా మొత్తం కావాలని తెలిసి దాస్తే మంచిదే. ఊరికే ‘పెద్దమొత్తం అయ్యాక చూద్దాం’ అనుకుంటే మాత్రం మధ్యలో ఏదో ఖర్చు వచ్చి ఆ డబ్బు తినేస్తుంది. దానం కోసం డబ్బాలో వేసిన సొమ్ము పేదవాడి చేతికి చేరేదాకా మీదే, సదఖా ఇంకా పూర్తికాలేదు. అందుకే డబ్బా పెట్టుకున్నవాళ్లు దాన్ని తెరిచే రోజు కూడా ముందే పెట్టుకోవాలి. రాబడి చేతికొచ్చిన రోజునే, ఇతర ఖర్చులకు ముందే, ఇబ్బంది లేనంత భాగం పక్కన పెట్టండి. కష్టం లేకుండా ఏడాది పొడవునా కొనసాగించగలిగినంతే ఎంచుకోండి. మొదటి నెల ఉత్సాహంలో ఎక్కువ నిర్ణయించుకుని మూడో నెలకు మానేసేవాళ్లే ఎక్కువ. కొంచెమైనా విడవకుండా చేసే పనే అల్లాహ్‌కు అన్నిటికంటే ఇష్టమని ఆయిషా (రజి) ఉల్లేఖనంలో ఉంది.

ప్రశ్న: అసలు డబ్బే లేనివాళ్లు సదఖా పుణ్యానికి దూరమైనట్టేనా?

జవాబు: సహచరులు కూడా ఇదే అడిగారు. అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖనంలో జవాబు మెట్లు మెట్లుగా దిగుతుంది. ప్రతి ముస్లిం సదఖా చేయాలి. ఇవ్వడానికి ఏమీ దొరక్కపోతే? చేతులతో కష్టపడి తాను బాగుపడి, ఇతరులకూ ఇవ్వాలి. అదీ చేతకాకపోతే? ఆపదలో ఉన్నవాడికి సాయపడాలి. అదీ కాకపోతే? మంచిని చెప్పాలి. అదీ చేయలేకపోతే? చెడు చేయకుండా ఉండాలి, అదే అతని సదఖా. అంటే మంచం పట్టిన మనిషికి కూడా దారి మూసుకుపోలేదు.

మనిషి ఒంట్లో 360 కీళ్లున్నాయని, సూర్యుడు ఉదయించే ప్రతిరోజూ ఒక్కో కీలు తరఫున ఒక సదఖా బాకీ ఉంటుందని హదీసులు చెబుతాయి. ఆ బాకీ తీర్చే పనులు కూడా వాటిలోనే ఉన్నాయి: ఇద్దరి మధ్య న్యాయంగా తీర్పు చెప్పడం, వాహనం ఎక్కేవాడికి చేయి అందించడం, అతని సామాను పైకి ఎత్తివ్వడం, మంచి మాట, నమాజుకు వేసే ప్రతి అడుగు, దారిలోంచి ముల్లో రాయో తీసివేయడం. పొద్దెక్కాక చేసే రెండు రకాతుల చాష్త్ నమాజు వీటన్నిటికీ సరిపోతుందని ముస్లిం హదీసు. అయితే నమాజు చేశాం కదా అని దారిలో గాజుపెంకు చూసి దాటిపోవడం ఈ హదీసుల ఉద్దేశం కాదు. చదువురానివాడికి దరఖాస్తు నింపిపెట్టడం, వృద్ధుల్ని ఆసుపత్రికి తోడుండి తీసుకెళ్లడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ప్రశ్న: దానం చేస్తే సంపద పెరుగుతుందని విన్నాను. ఏడాదిగా ఇస్తున్నాను. అప్పులు అలాగే ఉన్నాయి. నా నియ్యత్‌లో (సంకల్పంలో) లోపమా?

జవాబు: లోపం ఉందని మేం తీర్పు చెప్పలేం, మీరూ చెప్పుకోవద్దు. లెక్క వేసే తీరు మాత్రం సరిచేసుకోవాలి.

“దానం సంపదను తగ్గించదు” అనేది ముస్లిం సంకలనంలోని సహీహ్ (ప్రామాణిక) హదీసు. పండితులు దీన్ని రెండు విధాలుగా వివరించారు. ఒకటి, మిగిలిన సొమ్ములో బర్కత్ (శుభం) వస్తుంది, దానిమీద పడాల్సిన నష్టం తొలగుతుంది. రెండోది, తగ్గినట్టు కనిపించినది పుణ్యఫలంగా మీ ఖాతాలో ఉంటుంది. బఖరా సూరా 261వ ఆయత్‌లో ఒక గింజకు ఏడు వెన్నులు, వెన్నుకు నూరు గింజల ఉపమానం ఉంది. దాని వెంటనే ‘అల్లాహ్ తాను తలచినవారికి పెంచుతాడు’ అన్నమాట కూడా ఉంది. ఖర్చుపెట్టినదానికి బదులు ఇస్తానని సబా సూరా 39వ ఆయత్ వాగ్దానం. ఆ బదులు డబ్బు రూపంలోనే రావాలని, ఈ నెలలోనే రావాలని ఎక్కడా లేదు. తప్పిన జబ్బు, కలహం లేని ఇల్లు, మాట వినే సంతానం ఏ జమాఖర్చు పుస్తకంలోనూ కనిపించవు. ఇంత పెడితే ఇంత వస్తుందని దానాన్ని పెట్టుబడిలా ప్రచారం చేసేవారి మాటలు నమ్మకండి. ఆ ఆశతో ఇచ్చినవాడు రాబడి రాకపోతే ఇవ్వడమే మానేస్తాడు.

అప్పుల సంగతి వేరు. అప్పు తీర్చడం విధి, నఫిల్ సదఖా ఐచ్ఛికం. గడువు దాటి, ఇచ్చినవాడు అడుగుతుంటే ముందు అతనిది తీర్చండి. అతని సొమ్ముతో మీరు దాత కాలేరు. వాయిదాలు సక్రమంగా కడుతూ ఉంటే కొద్దిపాటి సదఖాకు అడ్డులేదు. తన ఆస్తంతా ఇచ్చేస్తానన్న కఅబ్ బిన్ మాలిక్ (రజి)తో దైవప్రవక్త (స) “కొంత ఉంచుకో, అదే నీకు మేలు” అన్నారు. చేతిని మెడకు కట్టేసుకోవద్దు, పూర్తిగా చాచేసి నిస్సహాయంగా కూర్చోనూ వద్దు అని బనీ ఇస్రాయీల్ సూరా 29వ ఆయత్ చెబుతుంది.

ప్రశ్న: పంపిణీ చేసేటప్పుడు ఫోటోలు తీసి అందరికీ పంపితే మరికొందరు ముందుకొస్తారు కదా. తప్పేమిటి?

జవాబు: బహిరంగంగా ఇవ్వడం తప్పు కాదు. బఖరా 271వ ఆయత్ బాహాటంగా ఇచ్చినా మంచిదే అంటుంది, గుట్టుగా పేదలకు ఇస్తే మరీ మంచిదంటుంది. తప్పంతా పుచ్చుకునేవాడి ముఖం చూపించడంలో ఉంది. అదే సూరా 264వ ఆయత్ ఉపకారం చాటుకోవడం, మనసు నొప్పించడం దానాన్ని రద్దుచేస్తాయని చెబుతుంది. అక్కడి ఉపమానం, నున్నటి బండమీద పల్చటి మట్టి, దానిమీద జడివాన: చివరికి ఉత్త బండే మిగులుతుంది. దానికి ముందు ఆయత్‌లోనే, నొప్పించే దానం కంటే మంచి మాట, క్షమ మేలని ఉంది. ఇతరుల్ని ప్రోత్సహించాలంటే సరుకుల ఫోటో వేయండి, ఖర్చుల లెక్క వేయండి. మనుషుల్ని వదిలేయండి.

సంక్షోభంలో సాయపడి, ఆరు నెలల తర్వాత ‘ఆ రోజు నేను లేకపోతే’ అనడం కూడా ఇందులోకే వస్తుంది. ఇంట్లో మాటామాటా వచ్చినప్పుడే ఇది ఎక్కువగా నోరు జారుతుంది.

ఇంకొకటి, అడక్కపోయినా చెప్పాల్సింది. మీకే ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోని నాసిరకం వస్తువు దానానికి ఎంచుకోవద్దని బఖరా 267. దీనికి మించిన కొలబద్ద లేదు. పాత బట్టలు ఇవ్వొచ్చు. ఉతికి, గుండీలు కుట్టి, మడతపెట్టి ఇవ్వండి. చిరిగి కుట్టుకు నిలవనివి ఇల్లు తుడుచుకోవడానికి వాడుకోండి. వండినది మిగిలితే వేడి చల్లారి పాడవకముందే, ఎప్పుడు వండారో చెప్పి ఇవ్వండి. రేపు పారేయాల్సి వస్తుందని ఇవాళ ఇచ్చే ఆహారం తిన్నవాడి కడుపు చెడితే ఆ బాధ్యత మీదే.

ప్రశ్న: మా అన్నయ్య పరిస్థితి బాగాలేదు. ఆయనకిస్తే సదఖా అవుతుందా? తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు.

జవాబు: అవుతుంది, పైగా రెట్టింపు. పేదవాడికిస్తే ఒక సదఖా, బంధువుకిస్తే సదఖాతో పాటు బంధుత్వాన్ని నిలుపుకున్న పుణ్యం కూడా అని తిర్మిజీ హదీసు. ఆయన అర్హుడైతే జకాత్ (ఏటా విధిగా ఇవ్వాల్సిన దానం) కూడా ఇవ్వొచ్చు. తల్లిదండ్రులు, తాతలు, సంతానం, మనవలు, భార్య: వీరికి మాత్రం జకాత్ చెల్లదు, వీరి పోషణ ఎలాగూ మీ బాధ్యతే. ఇది సదఖా అనో జకాత్ అనో ఆయనకు చెప్పాల్సిన అవసరం లేదు. పిల్లలకని, పండుగకని, కానుకగా ఇవ్వండి. సంకల్పం మీ మనసులో ఉంటే చాలు. అడగలేని అభిమానవంతుల గురించే బఖరా 273 ప్రత్యేకంగా చెప్పింది. తెలియనివాడు వారిని ఉన్నవాళ్లనుకుంటాడట.

ప్రశ్న: ఏడాదంతా చిల్లరమల్లరగా ఇచ్చినవన్నీ కలిపి చివర్లో జకాత్‌లో తగ్గించుకోవచ్చా?

జవాబు: కుదరదు. ఇచ్చేటప్పుడో, ఆ సొమ్ము పక్కన పెట్టేటప్పుడో జకాత్ అనే నియ్యత్ ఉండాలి. ఆ సంకల్పం లేకుండా ఇచ్చింది నఫిల్ సదఖా అయిపోయింది, తర్వాత పేరు మార్చలేం. ముందే జకాత్‌గా కొద్దికొద్దిగా ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. అప్పటికే నిసాబ్ (జకాత్ విధి కావడానికి ఉండాల్సిన కనీస ఆస్తి) ఉండాలి. బంగారమైతే 87.48 గ్రాములు, వెండైతే 612.36 గ్రాములు అని కొందరి లెక్క, 85, 595 అని మరికొందరిది. మీరు అనుసరించే పండితుల లెక్కనే ఏటా పాటించండి, తక్కువ పడేదాన్ని వెతుక్కుంటూ మార్చకండి. ఇచ్చిన ప్రతిసారీ తేదీ, మొత్తం రాసుకుని, చాంద్రమాన సంవత్సరం నిండగానే ఉన్న ఆస్తిలో నలభయ్యో వంతు లెక్కకట్టి, తక్కువైతే మిగతాది పూర్తిచేయండి. మీరు ఇచ్చినవారు జకాత్‌కు అర్హులో కాదో కూడా చూసుకోవాలి. తౌబా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలను పేర్కొంది. మస్జిద్ కట్టడం మీద పెట్టిన ఖర్చు ఎక్కువమంది పండితుల దృష్టిలో జకాత్ కిందికి రాదు, సదఖా కిందికి వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో వండినది భర్తకు చెప్పకుండా పొరుగువారికి ఇవ్వొచ్చా?

జవాబు: ఇల్లు దెబ్బతినకుండా ఇస్తే ఇచ్చినందుకు ఆమెకు, సంపాదించినందుకు భర్తకు పుణ్యమని, ఒకరి వల్ల మరొకరిది తగ్గదని బుఖారీ హదీసు. ఆనవాయితీగా ఇచ్చే అన్నం, కూర వరకు ఇబ్బంది లేదు. డబ్బు, విలువైన వస్తువులకు, లేదా ఆయన వద్దని చెప్పి ఉన్నవాటికి మాత్రం అడిగే ఇవ్వండి.

ప్రశ్న: చనిపోయిన అమ్మ పేరున నీటి ఏర్పాటు చేయాలనుంది. ఏది మేలు?

జవాబు: సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి తరఫున ఏ సదఖా శ్రేష్ఠమని అడిగితే దైవప్రవక్త (స) నీరు అన్నారు. ఆయన బావి తవ్వించారు. మరణించాక కూడా ఆగని మూడింటిలో సదఖా జారియా (కొనసాగుతూ ఉండే దానం) ఒకటి. కానీ నీళ్లు రావడం ఆగితే జారియా కూడా ఆగినట్టే. ఈ ఏర్పాట్లలో ఎక్కువ భాగం చెడేది ఇక్కడే: ప్రారంభానికి డబ్బంతా ఖర్చుపెట్టి, మరమ్మతుకు ఏమీ ఉంచరు. కొత్తది పెట్టేముందు చుట్టుపక్కల పాడైపోయి ఉన్నది ఏదైనా ఉందేమో చూడండి. దాన్ని బాగుచేస్తే ఖర్చు తక్కువ, నీళ్లు త్వరగా వస్తాయి. కొత్తదే అయితే నీటి పరీక్ష చేయించి, మొత్తంలో కొంత భాగం నిర్వహణకు విడిగా ఉంచి, తాళం, మరమ్మతు ఎవరి బాధ్యతో ముందే రాసిపెట్టుకోండి. అమ్మ పేరు పలకమీద చెక్కించడం అవసరమేమీ కాదు.