మీ ప్రశ్న – ఇంజనీరు జవాబు: నది ఓడల పొగ

ప్రశ్న: మా అమ్మాయి కాన్పుకని జర్మనీ వెళ్ళొచ్చాను. కొలోన్‌లో వాళ్ళ ఇల్లు రైన్ నది ఒడ్డునే. పొద్దున కిటికీ తీస్తే డీజిల్ కంపు. కిటికీ గట్టు తుడిస్తే గుడ్డంతా మసి. అల్లుడేమో "లారీలకన్నా ఓడలే నయం అత్తా" అంటాడు. చంటిబిడ్డ ఉన్న ఇల్లు కదా, పట్టించుకోవాలా?
– ఒక అమ్మమ్మ, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పట్టించుకోవాల్సిందేనమ్మా. అల్లుడుగారి మాటా నిజమే. 110 మీటర్ల రైన్ సరుకు ఓడ మూడు వేల టన్నుల దాకా మోస్తుంది, నూరు లారీల పైచిలుకు సరుకు అది. టన్నుకు ఇంత అని లెక్కేస్తే డీజిల్ తక్కువే ఖర్చవుతుంది. కానీ ఆ పొగంతా వచ్చేది ఒడ్డున కాపురముండే వాళ్ళ ఇళ్ళలోకే.

నా ఉద్యోగమంతా సముద్రపు ఓడల ఇంజన్ రూముల్లో గడిచింది. అక్కడ మేం ఇంధనంగా వాడిన నూనె వేడి చేస్తేగానీ పైపులో కదిలేది కాదు. 2019 చివరి దాకా అందులో గంధకం 3.5 శాతం వరకూ ఉండొచ్చని అంతర్జాతీయ నిబంధన. యూరప్ నదుల మీద ఆ బాధ లేదు. 2011 నుంచి అక్కడి నది ఓడల డీజిల్‌లో కిలోకు 10 మిల్లీగ్రాములకు మించి గంధకం ఉండకూడదు. మన బీఎస్-6 డీజిల్‌కూ అదే హద్దు.

మరి మసి ఎక్కడిదంటే, పాత ఇంజన్లది. నది ఓడ ఇంజన్‌ను రిపేర్లు చేసుకుంటూ దశాబ్దాలు నడుపుతారు. పొగ మీద స్టేజ్-5 అనే గట్టి యూరప్ నిబంధన 2019, 2020ల్లో వచ్చింది, అదీ కొత్తగా బిగించే ఇంజన్లకే. పాతవాటిలో చాలావాటికి మసిని పట్టే ఫిల్టరు ఉండదు. సన్నని మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు నేరుగా గాలిలో కలుస్తాయి. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. పసివాళ్ళ ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతుంటాయి, అందుకే నాకు బెంగ.

ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. ఏటికి ఎదురెళ్ళే ఓడ, తిరుమల ఘాట్ ఎక్కే డీజిల్ బస్సులా గట్టిగా రొప్పుతుంది, పొగా ఎక్కువే. 2018, 2022 ఎండాకాలాల్లో రైన్‌లో నీళ్ళు తగ్గి ఓడలు సగం సరుకుతో తిరిగాయి. అలాంటప్పుడు అదే సరుకుకు ఎక్కువ ఓడలు కావాలి.

అసలు చిరాకు తెప్పించేవి కట్టేసి ఉన్న విహార ఓడలు. వంటలకీ లైట్లకీ ఏసీలకీ రాత్రంతా జనరేటరు ఆడిస్తారు. ఒడ్డు నుంచి కరెంటు కనెక్షన్ ఇస్తే దాన్ని ఆపేయొచ్చు. మీ వాళ్ళింటి దగ్గరి రేవులో అది ఉందా, ఉంటే ఓడలవాళ్ళు వాడుతున్నారా అని నగరపాలక సంస్థకు రాయమనండి. ఇంజన్లు మారేదాకా ఆగనక్కర్లేని పని ఇది.

మసంతా ఓడలదేనని మాత్రం అనుకోవద్దు, ఒడ్డు వెంట రోడ్డుంటే కార్ల వాటా కూడా ఉంటుంది. గాలి నది వైపు నుంచి కొడుతున్నప్పుడు ఆ కిటికీలు మూసి, వెనకవైపువి తెరవమనండి. గట్టును పొడిగుడ్డతో దులపకుండా తడిగుడ్డతో తుడవాలి. ఉయ్యాల ఆ కిటికీ పక్కనే ఉంటే ఇవాళే లోపలి గదిలోకి మార్చమని ఫోన్ చేసి చెప్పండమ్మా.