గొంతు ఆమెది, ముఖం ఇంకొకరిది

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్నగారి పాత క్యాసెట్లలో దొరికిన 'రైడ్ ఆన్ టైమ్' అనే డాన్స్ పాట నాకు చాలా ఇష్టం. దాని వీడియోలో సన్నగా ఉన్న ఒక అమ్మాయి పాడుతూ కనిపిస్తుంది. పాడింది ఆవిడ కాదని, అసలు గాయనికి పేరూ డబ్బూ రెండూ దక్కలేదని ఒక మిత్రుడు చెప్పాడు. ఇది నిజమేనా? ఒకరి గొంతును మరొకరి ముఖానికి తగిలిస్తే చట్టం ఎలా ఊరుకుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ మిత్రుడు చెప్పింది చాలావరకు నిజమే. ఆ గొంతు షికాగోలో పుట్టిన లొలియాటా హాలోవే గారిది. డాన్ హార్ట్‌మన్ రాసి, బాణీ కట్టిన 'లవ్ సెన్సేషన్' అనే పాటను ఆమె 1980లో సాల్‌సోల్ కంపెనీకి పాడారు. హార్ట్‌మన్ ఆ పాటను తనచేత రెండు రోజుల్లో 30 సార్ల దాకా పాడించారని, గొంతు పూర్తిగా పోతే కాఫీలో విక్స్ కలుపుకుని తాగి చివరి స్వరాలు అందుకున్నానని ఆమె చెప్పుకున్నారు. తొమ్మిదేళ్ల తరువాత ఇటలీకి చెందిన బ్లాక్ బాక్స్ బృందం ఆ రికార్డులోని ఆమె గొంతును ముక్కలు ముక్కలుగా తీసుకుని, పియానో మీదా డ్రమ్ముల మీదా పేర్చి 'రైడ్ ఆన్ టైమ్' తయారు చేసింది. హాలోవే పాడిన మాట 'రైట్ ఆన్ టైమ్'. ఇటలీ వారి చెవికి అది 'రైడ్' అని వినబడింది, అదే పాట పేరుగా స్థిరపడింది. ఈ చిన్న పొరపాటు దగ్గరకు వచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. "అమ్మా, మీరు పాడిన మాట ఏమిటి?" అని ఆమెను ఒక్కసారి అడిగి ఉంటే ఆ పేరు అలా ఉండేది కాదు.

1989లో ఆ పాట బ్రిటన్‌లో 6 వారాలు మొదటి స్థానంలో నిలిచింది, ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన సింగిల్ కూడా అదే. వీడియోలోనూ టీవీ కార్యక్రమాల్లోనూ పెదవులు కదిపింది కాత్రిన్ క్వినోల్ అనే ఫ్రెంచ్ మోడల్. హాలోవే గారి లాయర్లు రంగంలోకి దిగాక గానీ ఆమెకు పరిహారం దక్కలేదు. అది ఎంతన్నది బయటపెట్టలేదు.

చట్టం ఎలా ఊరుకుందన్నది మీ ప్రశ్నలో అసలు సంగతి. రికార్డయిన ప్రతి పాట మీదా రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ మీద ఉండే హక్కు ఒకటి, స్టూడియోలో తయారైన మాస్టర్ రికార్డింగు మీద ఉండే హక్కు మరొకటి. మొదటిది రాసినవారిది లేదా ప్రచురణ సంస్థది, రెండోది సాధారణంగా రికార్డు కంపెనీది. పాత రికార్డులోంచి ఒక ముక్క, అంటే శాంపిల్, తీసుకోదలచినవారు ఈ ఇద్దరినీ అడిగితే చాలు, పాడిన మనిషిని అడగవలసిన అవసరం ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించదు. ఆమె హక్కంతా కంపెనీతో ఎప్పుడో చేసుకున్న ఒప్పందంలో ఏం రాసి ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. మాస్టర్ సొంతదారుతో పేచీ వస్తే మరో గాయనిని పిలిపించి అవే పంక్తులు అదే తీరులో పాడించుకునే దారి కూడా ఉంది. 'రైడ్ ఆన్ టైమ్'కు జరిగింది అదే, తరువాతి ప్రతుల్లో వినిపించేది హెదర్ స్మాల్ గొంతు.

ఇక్కడ మరో పాట గురించి చెప్పాలి. 1991లో మార్కీ మార్క్ అండ్ ద ఫంకీ బంచ్ బృందం అదే 'లవ్ సెన్సేషన్' నుంచి అదే గొంతును తీసుకుని 'గుడ్ వైబ్రేషన్స్' చేసింది. ఈసారి అట్ట మీద లొలియాటా హాలోవే అని పేరు పడింది, వీడియోలో స్వయంగా ఆమే కనిపించారు, ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది, రాయల్టీలో ఆమెకూ వాటా దక్కింది. పాత పాట ఒక్కటే, గొంతు ఒక్కటే, నడుమ గడిచిన కాలం రెండేళ్లు. ఆమెను లెక్కలోకి తీసుకోవడానికి సాంకేతికంగా గానీ చట్టపరంగా గానీ 1989లో ఏ అడ్డంకీ లేదని తెలుసుకోవడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

మార్తా వాష్ అనే మరో గాయని కథ ఇంకా కష్టం కలిగిస్తుంది, ఎందుకంటే ఆమె గొంతును పాత రికార్డు నుంచి తీయలేదు, ఆమెనే స్టూడియోకు పిలిచి పాడించుకున్నారు. బ్లాక్ బాక్స్ వారి తరువాతి పాటలు కొన్నింటిని ఆమె ఒక్కసారి ఇచ్చే రుసుముకు పాడారు. మన స్టూడియోల్లో, తరువాత మరొకరు పాడేందుకు నమూనాగా ట్రాక్ పాడించుకోవడం అంటామే, అలాంటి పనే అనుకున్నారు. తీరా పాటలు ఆమె గొంతుతోనే విడుదలయ్యాయి, వీడియోలో మాత్రం మళ్లీ క్వినోల్. సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ వారి 1990 నాటి పాటలో 'ఎవ్రీబడీ డాన్స్ నౌ' అని వినబడే ఆ గొంతూ వాష్ గారిదే, వీడియోలో కనిపించింది జెల్మా డేవిస్. వాష్ గారిది భారీ శరీరం, కెమెరా ముందుకు సన్నని అమ్మాయిలు వచ్చారు. ఆమె కోర్టుకెక్కారు. ఒక కంపెనీతో రాజీ కుదిరి సొంత ఆల్బం చేసుకునే ఒప్పందం దక్కింది. రెండో వివాదం 1994లో పరిష్కారమైంది, గానం మార్తా వాష్‌దని, దృశ్యంలో కనిపించేది జెల్మా డేవిస్ అని వీడియోకు ఒక ప్రకటన జోడించమని టీవీ చానెల్‌ను కోరడానికి కంపెనీ ఒప్పుకుంది.

పేరుదేముంది, డబ్బు ముఖ్యం గానీ అనేవారితో నేను ఏకీభవించను. అమెరికాలో ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల నుంచి వచ్చే రాయల్టీని సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ పంచుతుంది. అందులో 50 శాతం రికార్డింగు సొంతదారుకు, 45 శాతం ముఖ్య కళాకారులకు పోగా, పేరు పడని గాయకులందరికీ కలిపి ఒక నిధి ద్వారా చేరేది రెండున్నర శాతం. అంటే అట్ట మీద పేరుందా లేదా అన్నదాన్ని బట్టే వాటా మారిపోతుంది.

ఈ అన్యాయం ఒక్క అమెరికాలోనే జరగలేదు. తైవాన్‌కు చెందిన అమిస్ తెగ వృద్ధ దంపతులు డిఫాంగ్, ఇగే 1988లో ఫ్రాన్స్‌లో పాడిన పాట వారికి తెలియకుండానే ఎనిగ్మా బృందం చేసిన 'రిటర్న్ టు ఇన్నోసెన్స్'లో చేరింది, 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలోనూ వినిపించింది. వారు దావా వేశాక 1999లో రాజీ కుదిరి, పేరూ రాయల్టీ లభించాయి. లతా మంగేష్కర్ గారి గొంతుకూ ఇది తప్పలేదు. 'జ్యోతి' అనే హిందీ సినిమాలో ఆమె పాడిన పాటను 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని 'అడిక్టివ్' పాటలో వాడుకుంటే, స్వరకర్త బప్పీ లాహిరి పేరు వేయనిదే ఆ ఆల్బం అమ్మకూడదని అక్కడి న్యాయమూర్తి ఆదేశించారు. పోరాటమంతా స్వరకర్త హక్కు మీద, కంపెనీ హక్కు మీదే నడిచింది. పాట విన్నవారి చెవిలో నిలిచింది మాత్రం లత గారి గొంతు.

ప్రశ్న: నేను ల్యాప్‌టాప్‌లో డాన్స్ సంగీతం చేస్తాను. రాయల్టీ-ఫ్రీ అని రాసి ఉన్న శాంపిల్ ప్యాక్ కొన్నాను. అందులోని గాయని పేరు వేయకపోతే తప్పా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ ప్యాక్ లైసెన్సు పేరు అడగకపోతే చట్టం దృష్టిలో తప్పు కాకపోవచ్చు. ముందు ఆ లైసెన్సును పూర్తిగా చదవండి. రాయల్టీ-ఫ్రీ అంటే మీరు వాడిన ప్రతిసారీ మళ్లీ చెల్లించనక్కర్లేదని మాత్రమే అర్థం, పాడినవారు లేరని కాదు. ప్యాక్‌లో ఆమె పేరు ఇచ్చి ఉంటే మీ పాట వివరాల్లో ఒక పంక్తి చేర్చండి. పైసా ఖర్చు కాదు, ఆమెకు మరో పని రావడానికి అదే ఆధారం కావచ్చు.

ప్రశ్న: మా మేనత్త నాట్లు వేసేటప్పుడు పాడుతున్న పాటను ఎవరో ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్లారు. ఇప్పుడు అదే గొంతు డప్పు బీటు కలిపిన డీజే పాటగా బరాత్‌లలో మోగుతోంది. అడిగితే, జానపదానికి హక్కులేమిటి, అది అందరిదీ అన్నారు. మేము చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఉందమ్మా. తరతరాలుగా వస్తున్న పాట అందరిదీ అనడం సరైనదే. కానీ ఆ రోజు ఆ మడిలో మీ అత్తయ్య పాడిన పాడడం ఆవిడది. మన కాపీరైటు చట్టం దీన్ని ప్రదర్శకుల హక్కుగా 1994 సవరణ నుంచీ గుర్తిస్తోంది. దాని గడువు 50 ఏళ్లు. 2012 సవరణతో వచ్చిన 38ఏ సెక్షను ప్రకారం, ప్రదర్శనను రికార్డు చేయాలన్నా, ప్రతులు తీసి జనంలోకి వదలాలన్నా అనుమతించే హక్కు ప్రదర్శకులదే. 38బి సెక్షను ప్రదర్శకులుగా తమ పేరు చెప్పించుకునే హక్కునూ, పేరుకు మచ్చ తెచ్చేలా ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కునూ ఇచ్చింది. సినిమా కోరస్ పాడేవారికి మాత్రం ఈ రక్షణలో ఒక చిల్లు ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగా పాల్గొని, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు పడనివారిని చట్టం ప్రదర్శకులుగానే లెక్కించదు, వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే వారికి మిగిల్చింది. పేరు వేయని అలవాటునే పేరు వేయకపోవడానికి కారణంగా చూపడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. అదృష్టవశాత్తు మీ అత్తయ్యది సినిమా పాట కాదు.

ముందుగా ఆ డీజే పాటనూ, అది పెట్టిన తేదీ కనిపించే స్క్రీన్‌షాట్‌నూ భద్రపరచండి. అత్తయ్యచేత అదే పాటను మరోసారి పాడించి రికార్డు చేయండి, ఆ రోజు మడిలో ఉన్న ఇద్దరు ముగ్గురిని సాక్షులుగా రాయించుకోండి. తరువాత పాట పెట్టినవారికి లిఖితపూర్వకంగా రెండు కోరికలు పంపండి: పాట వివరాల్లో ఆవిడ పేరు, ఊరు వేయాలి, ఇంతవరకూ వచ్చిన ఆదాయంలోనూ ఇకపై వచ్చేదాంట్లోనూ వాటా ఇవ్వాలి. ఒకేసారి ఇంత ఇస్తామని కాగితం తెస్తే, అందులో 'సర్వహక్కులూ' అన్న మాట ఉందేమో చూడకుండా వేలిముద్ర వేయనివ్వకండి. వారు స్పందించకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. సాధారణంగా అది జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆదాయం ఎంతన్నదానితో సంబంధం లేకుండా మహిళలందరికీ అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. వెళ్లేటప్పుడు అత్తయ్యను కూడా వెంట తీసుకువెళ్లండి, ఆ పాటను అక్కడ ఆవిడే పాడి వినిపించవచ్చు.