మనుషులూ ఏఐ కలిసి రాసే డాక్యుమెంటేషన్‌కి స్టైల్ గైడ్ ఎలా ఉండాలి?

మీరు అడిగింది ఇది: ఐదారుగురు మనుషులు ఏఐ సాయంతో ఒక సాఫ్ట్‌వేర్‌కి డాక్యుమెంటేషన్ రాస్తున్నారు, పేజీ పేజీకీ ధోరణి మారిపోతోంది, సమగ్రమైన స్టైల్ గైడ్ ఒకటి రాసి అందరికీ, ఏఐకి కూడా ఇచ్చేస్తే సరిపోతుందా అని. నా అనుభవంలో సరిపోదు. పెద్ద గైడ్‌ని మనుషులు చదవరు. ఏఐకి ఇస్తే చదువుతుంది కానీ, సూచనలు పెరిగేకొద్దీ మధ్యలో ఉన్నవి జారవిడుస్తుంది.

మేం సొంత గైడ్ రాయలేదు. గూగుల్ డెవలపర్ డాక్యుమెంటేషన్ స్టైల్ గైడ్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, దాన్నే ఆధారంగా పెట్టుకున్నాం. మైక్రోసాఫ్ట్‌వాళ్లదీ బాగుంటుంది, రెండింట్లో ఏదో ఒకటి చాలు. ఎక్కడెక్కడ దానికి భిన్నంగా పోతామో ఆ సంగతులు మాత్రమే ఒక చిన్న ఫైల్‌లో రాసి రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోట) పెట్టాం. మనుషులకో ఫైలు, ఏఐకో ఫైలు అని విడగొట్టకండి. కొన్నాళ్లకి రెండూ రెండు దారులు పడతాయి.

యంత్రం పట్టుకోగల నియమాలన్నీ లింటర్‌కి, అంటే రాసినదాన్ని నియమాలతో పోల్చి తప్పులు చూపించే టూల్‌కి, అప్పగించండి. వేల్ అనే ఓపెన్ సోర్స్ టూల్ సరిగ్గా ఈ పనికే ఉంది. ‘లాగిన్’ అనాలా ‘సైన్ ఇన్’ అనాలా, వాక్యం ఎంత పొడవు దాటకూడదు లాంటివి అందులో రాసుకుంటే ప్రతి పుల్ రిక్వెస్ట్ (ఒక మార్పును ప్రాజెక్టులో కలపమని పంపే అభ్యర్థన) మీదా అదే చూసుకుంటుంది. దీనివల్ల టీమ్‌లో గొడవలూ తగ్గాయి. తోటి మనిషి వంక పెడితే చివుక్కుమంటుంది, టూల్ పెడితే ఎవరూ పట్టించుకోరు!

యంత్రానికి అందని నియమాలను ఉదాహరణతో సహా రాయండి. ‘స్పష్టంగా రాయండి’ అంటే మనిషికీ ఏమీ తెలియదు, ఏఐకీ ఏమీ తెలియదు. మా ఫైల్‌లో ఒక జత ఇలా ఉంటుంది. వద్దు: ‘ఈ శక్తిమంతమైన ఫీచర్ మీ బ్యాకప్‌లను సులభంగా నిర్వహించుకోవడానికి తోడ్పడుతుంది.’ ఇలా రాయండి: ‘బ్యాకప్‌లను ఎన్ని రోజులు ఉంచాలో ఇక్కడ సెట్ చేయండి.’ ఇలాంటి జతలు నాలుగు చూపిస్తే ఏఐ రాసే తీరు వెంటనే మారుతుంది. ఏది తప్పనిసరి, ఏది మంచిది, ఏది మీ ఇష్టం అన్న తేడా కూడా ఫైల్‌లోనే చెప్పండి. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఈ పద్ధతిని నిర్వచించింది, అది ఇప్పటికీ పనికొస్తుంది.

ఇక అసలు విషయం. ఏఐతో రాసేటప్పుడు స్టైల్ కన్నా పెద్ద తలనొప్పి లేనిపోని వివరాలు. మా బ్యాకప్ పేజీ డ్రాఫ్ట్‌లో ‘డిఫాల్ట్‌గా 30 రోజులు ఉంచుతుంది’ అని ఉంది. వాక్యం చక్కగా ఉంది, సంఖ్య కూడా నమ్మేలాగే ఉంది. రివ్యూ చేసినావిడ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చూస్తే అసలు డిఫాల్ట్ అనేదే లేదు, విలువ ఇవ్వకపోతే ప్రోగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. వెనకటికి వాక్యం తడబడుతుంటే రాసినవాళ్లకి విషయం సరిగా తెలియదని పసిగట్టేవాళ్లం. ఇప్పుడు తప్పయినా ఒప్పయినా ఒకే నునుపుతో వస్తుంది కాబట్టి ఆ ఆనవాలు పోయింది.

అందుకే రెండు నియమాలు పెట్టుకున్నాం. సంఖ్య, డిఫాల్ట్, కమాండ్ ఆప్షన్, వెర్షన్ ఏది రాసినా అది కోడ్‌లో ఎక్కడుందో పుల్ రిక్వెస్ట్ వివరణలో చూపాలి. దొరక్కపోతే ఊహించకుండా ఆ చోట ‘సరిచూడాలి’ అన్న గుర్తు పెట్టాలి. ఆ గుర్తు మిగిలి ఉన్నంతవరకు లింటర్ ఆ మార్పును మెర్జ్ కానివ్వదు, అంటే ప్రాజెక్టులో కలవనివ్వదు. ఖాళీ వదిలేయడానికి అనుమతి ఉందని ముందే చెప్తే ఏఐ కల్పించడం బాగా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. మిగతాది మనుషులే పట్టుకోవాలి.

రివ్యూ అంటే మా దగ్గర చదవడం కాదు, నడిపి చూడడం. పేజీలోని కమాండ్లన్నీ ఖాళీ మెషీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి కొట్టాలి. ఏఐ చేత రాయించినవారే రివ్యూ చేయకూడదు. ఒక పుల్ రిక్వెస్ట్‌లో ఒకే పేజీ ఉండాలి, ఎందుకంటే అడగకపోయినా పక్క పేరాలను ‘మెరుగుపరిచే’ జబ్బు ఏఐకి ఉంది. మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్‌లో రాసే ఫార్మాట్) ఫైల్‌లో ఒక్కో వాక్యాన్ని ఒక్కో లైన్‌లో పెడితే అలాంటి అనవసర మార్పు డిఫ్‌లో, అంటే పాతదానికీ కొత్తదానికీ తేడా చూపే జాబితాలో, వెంటనే బయటపడుతుంది. లైన్‌కో వాక్యం అన్నది యూనిక్స్ నిపుణుడు బ్రయన్ కెర్నిగాన్ 1974లోనే ఇచ్చిన సలహా, ఏఐ వచ్చాక దాని విలువ ఇంకా పెరిగింది.

ఏఐ వాడితే కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే చిన్న వివరణలో) ఒక లైన్‌లో చెప్పండి, బాధ్యత మాత్రం మనిషి పేరు మీదే ఉండాలి. మీది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టయి, రాసినదాన్ని ఇంకో ప్రాజెక్టుకి పంపాలనుకుంటే ముందు వాళ్ల నియమాలు చూసుకోండి. జెంటూ లినక్స్ లాంటి ప్రాజెక్టులు ఏఐ రాసినవాటిని 2024లోనే నిషేధించాయి.

పాత పేజీలన్నీ ఒకేసారి ఏఐ చేత కొత్త స్టైల్‌లోకి మార్పించాలా అని కూడా అడిగారు. ఆ పని పెట్టుకోకండి. అన్ని పేజీలను నడిపి చూసే ఓపిక ఎవరికీ ఉండదు, ఎప్పుడో సరిచూసి పెట్టుకున్న పేజీల్లోకి కూడా కొత్త తప్పులు దూరతాయి. లింటర్‌ని మారిన ఫైళ్లకే పరిమితం చేసి, ఏదైనా పనిమీద ఒక పేజీని ముట్టుకున్నప్పుడు ఆ పేజీ వరకు సరిచేసుకుంటూ పోండి.