రెండు మౌస్‌లు, ఒకే బాణం

ప్రశ్న: నాకు యాభై ఎనిమిదేళ్లు. మల్కాజిగిరిలో ఇంట్లోనే కూర్చుని నాలుగు చిన్న షాపులకు లెక్కలు రాస్తాను. కుడి మణికట్టు నొప్పి ఎక్కువై, కొన్నాళ్లు ఎడమచేత్తో పని చేసుకోమన్నారు డాక్టరు. మా అబ్బాయి నా కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి బెంగళూరు వెళ్లిపోయాడు. ఎడమవైపు ఇంకో మౌస్ కొని తగిలించాను. రెండూ పనిచేస్తున్నాయి. కానీ ఎడమచేతి మౌస్‌కు బటన్లు అటుదిటు చేద్దామని సెట్టింగ్స్‌లో 'లెఫ్ట్ హ్యాండెడ్' దగ్గర టిక్కు పెడితే, కుడిచేతిది కూడా మారిపోయింది. ఒక్కదానికే మార్చడం ఎలా? రెండు తగిలించి ఉంచితే కంప్యూటర్‌కు ఏమైనా అవుతుందా? (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్న. ఏమీ కాదు. రెండు కాదు, నాలుగు తగిలించినా ఏమీ కాదు. మౌస్ చేసే పనల్లా 'ఇటు ఇంత జరిగాను, ఈ బటన్ నొక్కారు' అని చెప్పడమే. మీ మింట్‌లో ఎన్ని మౌస్‌లున్నా వాటి మాటలన్నీ ఒకే చోటికి చేరతాయి. ఆ చోటుకు వర్చువల్ కోర్ పాయింటర్ అని పేరు. తెర మీద మీకు కనిపించే బాణం అదే. ఒకే బండిని ఇద్దరు తోలుతున్నారనుకోండి. వంతులవారీగా తోలినంతసేపూ గొడవ లేదు.

బటన్ల సంగతిలో మీ పొరపాటేమీ లేదు. మింట్ సెట్టింగ్స్‌లో ఆ టిక్కు మౌస్‌లన్నిటికీ కలిపి ఒక్కటే. లినక్స్‌లోనే కేడీఈ ప్లాస్మా అనే ఇంకో రకం డెస్క్‌టాప్ వాడేవాళ్లకు సెట్టింగ్స్‌లోనే ఏ మౌస్‌కు ఆ మౌస్ ఎంచుకునే వీలుంది. మీకది లేదు కాబట్టి టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీ, తెరవక తప్పదు. టెన్షన్ పడకండి, మూడు నాలుగు లైన్ల పని. ముందు ఆ టిక్కు తీసేయండి. తర్వాత కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కండి, నల్ల కిటికీ వస్తుంది.

ఇక్కడ ఒక మాట. ఈ పేజీలో అంతా తెలుగు లిపిలోనే వేస్తాం కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే ఉంటాయి. మీరు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. అన్నీ మామూలు ఇంగ్లిష్ మాటలే. 'ఎక్స్‌ఇన్‌పుట్' అన్నప్పుడు ఎక్స్ అక్షరం, దాన్ని అంటుకునే ఇన్‌పుట్, మధ్యలో ఖాళీ వద్దు.

మొదట ఇలా కొట్టండి: ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్

ఒక జాబితా వస్తుంది. పైన పాయింటర్ గుంపు, కింద కీబోర్డు గుంపు. పై గుంపులో మీ మౌస్‌ల పేర్లు, ఒక్కోదాని పక్కన ఐడీ అని ఒక నంబరు కనిపిస్తాయి. పేర్లు చూసి కంగారు పడొద్దు. డబ్బా మీద ఉన్న పేరే ఇక్కడా ఉండాలని లేదు. నా దగ్గరున్న డెల్ ఎంఎస్116 మౌస్ 'పిక్స్‌ఆర్ట్ డెల్ ఎంఎస్116 యూఎస్‌బీ ఆప్టికల్ మౌస్' అని కనిపిస్తుంది. పిక్స్‌ఆర్ట్ అంటే తైవాన్ చిప్పుల కంపెనీ. వైర్‌లెస్ మౌస్ అయితే ఒక్కోసారి వట్టి 'రిసీవర్' అనే ఉంటుంది, పైగా కీబోర్డు గుంపులో కూడా కనబడుతుంది.

ఏ నంబరు ఏ మౌస్‌దో ఊహించకండి, అడిగి తెలుసుకోండి. 11 అనుకుందాం: ఎక్స్‌ఇన్‌పుట్ టెస్ట్ 11. ఎంటర్ కొట్టి ఎడమవైపు మౌస్‌ను కదపండి. నల్ల కిటికీలో 'మోషన్' అంటూ అంకెలు బొలబొలా రాలితే అది అదే. ఏమీ రాలకపోతే 11 రెండోదాని నంబరన్నమాట. అలాగే బటన్లు నొక్కి చూడండి. ఎడమది నొక్కితే 1 అని, కుడిది నొక్కితే 3 అని, చక్రం నొక్కితే 2 అని వస్తుంది. చక్రం పైకి తిప్పితే 4, కిందికి 5. ఈ అంకెలు గుర్తుంచుకోండి, ఇప్పుడే పనికొస్తాయి. చాలనుకున్నాక కంట్రోల్, సి నొక్కితే ఆగుతుంది.

ఇక అసలు లైను: ఎక్స్‌ఇన్‌పుట్ సెట్-బటన్-మ్యాప్ 11 3 2 1 4 5 6 7

సెట్, బటన్, మ్యాప్ మధ్య అడ్డగీతలు, అంకెల మధ్య ఖాళీలు. ఈ లైను చెప్పేదేమిటంటే, 11 నంబరు మౌస్‌లో మొదటి బటన్‌ను 3గా, మూడోదాన్ని 1గా చూడు, మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉంచు అని. ఎంటర్ కొట్టగానే మారుతుంది. కుడిచేతి మౌస్ జోలికి పోదు. నచ్చకపోతే 1 2 3 4 5 6 7 అని కొట్టండి, పాత పద్ధతి వచ్చేస్తుంది.

బటన్లకన్నా వేగం ముఖ్యం అంటాను నేను. పోయినేడాది నాకు భుజం పట్టేసి రెండు నెలలు ఎడమచేత్తోనే లాగించాను. బటన్లు రెండో రోజుకే అలవాటయ్యాయి. కానీ బాణం మాత్రం నేను చూపించిన గడి దాటి పక్క గడిలోకి దూకేది. ఎడమచెయ్యికి ఆ నేర్పు వెంటనే రాదు. అందుకని ఆ ఒక్క మౌస్‌ను నెమ్మది చేయాలి: ఎక్స్‌ఇన్‌పుట్ సెట్-ప్రాప్ 11 "లిబ్ఇన్‌పుట్ యాక్సెల్ స్పీడ్" -0.5. కోట్ గుర్తులు తప్పనిసరి. ఆ మూడు మాటల్లో లిబ్ఇన్‌పుట్ చిన్న అక్షరాల్లో, ఇన్‌పుట్‌కు ముందు లిబ్ అంటే ఎల్, ఐ, బి. యాక్సెల్, స్పీడ్ మాత్రం పెద్ద ఏతో, పెద్ద ఎస్‌తో మొదలవ్వాలి. యాక్సెల్‌లో రెండు సీలు, ఒకటే ఎల్. చివర అంకె మైనస్ 1 నుంచి 1 వరకు ఎంతైనా ఇవ్వొచ్చు, 0 అంటే మధ్యస్థం. నేను మైనస్ 0.6తో మొదలుపెట్టి నెల తిరిగేసరికి 0కి వచ్చాను. మీ లెక్కల గళ్లకు ఎంత సరిపోతుందో మీరే చూసుకోండి.

చిక్కేమిటంటే కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఇవన్నీ పోతాయి. మౌస్ పీకి పెట్టినా అంతే. పైగా ఐడీ నంబరు ఎప్పుడూ ఒకటే ఉంటుందన్న హామీ లేదు, ఇవాళ 11 రేపు 13 కావచ్చు. అందుకని నంబరుకు బదులు జాబితాలో ఉన్న పేరునే, అక్షరం పొల్లు పోకుండా, కోట్ గుర్తుల మధ్య రాయండి. మెనూలో స్టార్టప్ అప్లికేషన్స్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, కస్టమ్ కమాండ్ అన్నచోట ఒక్కో లైనూ వేరువేరుగా చేర్చండి. అక్కడే ఆలస్యం అడుగుతుంది, పది సెకన్లు ఇవ్వండి. డెస్క్‌టాప్ పూర్తిగా లేచాక అమలవుతాయి.

పేరు రాస్తే ఒక ఇబ్బంది రావచ్చు, అది నేను పడ్డదే. అప్పట్లో తక్కువకొస్తున్నాయని ఒకే రకం మౌస్‌లు రెండు తెచ్చుకున్నాను. రెండిటికీ అదే పేరు! స్టార్టప్‌లో పెట్టిన కమాండ్‌కు ఎవరిని పిలుస్తున్నానో తెలియక, 'ఈ పేరుతో చాలామంది ఉన్నారు, నంబరు చెప్పు' అని మొండికేసింది. స్టార్టప్‌లో జరిగే గొడవ తెర మీద కనిపించదు కదా, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక ఆదివారం పోయింది. అప్పటినుంచీ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో మౌస్ కొనడానికి వచ్చేవాళ్లందరికీ ఒకటే చెప్తున్నాను, రెండోది వేరే కంపెనీది తీసుకోండి అని. మీ రెండూ వేరు పేర్లతో ఉంటే అదృష్టం. వైర్‌లెస్ మౌస్ పేరు కీబోర్డు గుంపులో కూడా ఉంటే, పేరుకు ముందు 'పాయింటర్' అని, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా పేరు రాస్తే సరిపోతుంది. అదంతా కోట్ గుర్తుల లోపలే.

ఇంకొకటి. బొటనవేలికి గుంట చేసిన కుడిచేతి మౌస్‌ను ఎడమచేతికి వాడకండి. రెండు పక్కలా ఒకేలా ఉండే సాదా మౌస్ చాలు. నొప్పి మాటకొస్తే నేను చెప్పగలిగింది మౌస్ గురించే, మిగతాది డాక్టరు చూసుకుంటారు.

ప్రశ్న: ఉప్పల్‌లో ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్తాను. కంప్యూటర్ ఒకటే, ఉబుంటు లినక్స్ ఉంది. మౌస్ కోసం పిల్లలు కొట్టుకుంటున్నారని రెండోది తగిలించాను. ఇప్పుడు ఒకే బాణం కోసం కొట్టుకుంటున్నారు. ఇద్దరికీ చెరొక బాణం వస్తుందా?

జవాబు: మాస్టారూ, వస్తుంది. కానీ వచ్చాక మీరు సంతోషిస్తారో లేదో చెప్పలేను.

ఈ ఆలోచన మన దేశపు బడుల్లో నలిగిందే. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు ఒకే కంప్యూటర్ చుట్టూ ఐదారుగురు పిల్లలు మూగడం చూసి, పిల్లకొక మౌస్, ఒక్కో మౌస్‌కు ఒక్కో రంగు బాణం ఇచ్చి పరీక్షించి, 2006లో దాని మీద పరిశోధన పత్రం వేశారు. అది విండోస్ సంగతి. లినక్స్‌లో ఆ పని చేసినవాడు పీటర్ హట్టరర్. ఆయన రాసిన మల్టీ పాయింటర్ ఎక్స్ 2009లో ఎక్స్ సర్వర్ (లినక్స్‌లో తెరనూ మౌస్‌నూ కీబోర్డునూ నడిపే ప్రోగ్రాము) 1.7తో అందరికీ అందింది. అంటే మీ కంప్యూటర్‌లో ఏదీ కొత్తగా ఎక్కించనక్కర్లేదు.

పైన అమ్మగారికి చెప్పినట్టే జాబితా చూసి రెండో మౌస్ నంబరు తెలుసుకోండి, 12 అనుకుందాం. రెండు లైన్లు చాలు. మొదటిది: ఎక్స్‌ఇన్‌పుట్ క్రియేట్-మాస్టర్ చిన్ని. చిన్ని బదులు మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. మళ్లీ జాబితా చూస్తే 'చిన్ని పాయింటర్', 'చిన్ని కీబోర్డ్' అని రెండు కొత్తగా పుట్టి ఉంటాయి. రెండోది: ఎక్స్‌ఇన్‌పుట్ రీఅటాచ్ 12 "చిన్ని పాయింటర్". అంతే, తెర మీద రెండో బాణం ప్రత్యక్షం. రెండో కీబోర్డు ఉంటే దాన్ని కూడా ఇలాగే 'చిన్ని కీబోర్డ్'కు కట్టేస్తే, ఒకడు ఒక కిటికీలో, ఇంకొకడు ఇంకో కిటికీలో టైపు చేసుకోవచ్చు. వద్దనుకుంటే రిమూవ్-మాస్టర్ అని "చిన్ని పాయింటర్" పేరు చెప్పండి. లేదా కంప్యూటర్ ఆపేయండి, అదే పోతుంది.

'ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్' కొట్టినప్పుడు మీ మౌస్ పేర్లకు బదులు 'ఎక్స్‌వేల్యాండ్ పాయింటర్' అని కనిపిస్తే అక్కడే ఆగండి. మీ ఉబుంటు ఎక్స్ సర్వర్ మీద కాక, దాని బదులు వచ్చిన వేల్యాండ్ మీద నడుస్తోందని అర్థం, అక్కడ ఈ కమాండ్లు మౌస్‌ను ముట్టుకోలేవు. లాగవుట్ అయ్యి, పాస్‌వర్డ్ అడిగేచోట కింద కుడిమూల పళ్లచక్రం గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ ఎక్స్ఆర్గ్' ఎంచుకోండి. 25.10 వెర్షన్ నుంచి ఉబుంటు ఆ దారి తీసేసింది. మీది కొత్తదైతే పిల్లల కోసం మింట్‌గానీ ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న రకంగానీ వేసుకోవడమే మేలు.

ఇప్పుడు నేనెందుకు గుంజాటన పడుతున్నానో చెప్తాను. బాణాలు రెండొచ్చాయి గానీ, ప్రోగ్రాములు చాలావాటికి బాణం ఒకటే ఉంటుందన్న అలవాటు పోలేదు. ఒకడు మెనూ తెరిచాడంటే అది మూసేదాకా రెండోవాడు ఎంత క్లిక్ చేసినా పలక్కపోవచ్చు. మా మనవడు, పక్కింటి పాప చెరో మౌస్ పట్టుకుని కూర్చుంటే పది నిమిషాలు నవ్వులే నవ్వులు. పదకొండో నిమిషంలో పాప బొమ్మ వేస్తున్న కిటికీని వాడు తన బాణంతో మూసేశాడు. తగువు మౌస్ దగ్గర్నుంచి కిటికీకి మారింది, అంతే. అందుకే నా ఓటు ఒక బాణానికే. మౌస్‌లు రెండూ ఉంచండి, లెక్క మీరివ్వండి, జవాబు మీద ఎవరు నొక్కాలో మీరే పిలవండి. మౌస్ చేతులు మారే గోల ఉండదు, అది చాలు మీకు.

ప్రశ్న: నావి రెండూ వైర్‌లెస్ మౌస్‌లే. రెండు డాంగిళ్లూ సీపీయూ వెనక పక్కపక్కన పెట్టాను. ఒక్కోసారి బాణం ఆగి ఆగి కదులుతోంది. లినక్స్ లోపమా? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

జవాబు: ఆ నీలం రంగు సాకెట్లలో పెట్టారా? అవి యూఎస్‌బీ 3.0. వాటిలో డేటా పరుగెత్తేటప్పుడు పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరకు వస్తుంది. మీ మౌస్‌లు మాట్లాడుకునేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వేసింది. పక్కన హార్డ్‌డిస్క్ గానీ పెన్‌డ్రైవ్ గానీ పెట్టి ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడే బాణం తడబడుతోందేమో గమనించండి. డాంగిళ్లను నల్ల సాకెట్లకు మార్చండి. అప్పటికీ తగ్గకపోతే కోఠి గుజరాతీ గల్లీలో ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని, డాంగిల్‌ను సీపీయూ వెనకనుంచి టేబుల్ మీదకి తెచ్చి పెట్టండి. ఇనుప డబ్బా వెనక దాక్కున్నది కళ్లముందుకొస్తే చాలావరకు సర్దుకుంటుంది.