చిన్న ట్యాబ్ ఉంచాల్నా, వాపస్ ఇయ్యాల్నా? పరకాల అన్నకు జవాబు

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక అన్న రాసిన్రు. "బిడ్డ టెన్త్ పాసై హన్మకొండల ఎంపీసీ ఫస్టియర్ చేరింది, రోజు బస్సుల పోయొస్తది. క్లాసులు ఇననీకి ఆన్‌లైన్‌ల 8.7 అంగుళాల ట్యాబ్ 12 వేలకు తెప్పించిన, వచ్చి నాలుగు రోజులైంది. వాళ్ళ స్కూల్ సారు చూసి, ఇంత చిన్నదాంట్ల ఏం చదువుతది, వాపస్ ఇచ్చి 11 అంగుళాలది, పెన్నుతోటి రాసేది తీస్కోండ్రి, 25 వేల దాక అయితది అన్నడు. బిడ్డేమో నాకు ఇదే మంచిగున్నది నాయినా అంటది. వాపస్‌కు ఇంక మూడు రోజులే ఉన్నయ్. పత్తి పైసలు అన్నా, ఒక్కసారి ఖర్చు పెడితే మళ్ళ రావు. ఏం చెయ్యమంటరు?"

అన్నా, ముందుగాల నా మాట చెప్పేస్త, ఎందుకో తర్వాత చెప్త. లోపం ఏం లేకపోతే ఆ ట్యాబ్ ఉంచుండ్రి. సారు చెప్పింది తప్పేం గాదు, చిన్న స్క్రీన్ కొన్ని పనులకు అస్సలు అక్కరకు రాదు, కానీ ఆ పనులకు మీ బిడ్డకు వేరే తొవ్వ ఉన్నది, పైగా మీరు ఇప్పుడు ఎక్కువ పెడదామనుకుంటున్న ఆ 13 వేలు రెండేండ్లయినంక ఇంకో పెద్ద అవసరానికి కావాలె.

చిన్నది ఎక్కడ పనికిరాదో మొదలు చూద్దాం. కాలేజీల ఇచ్చే మెటీరియల్ అయినా, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పీడీఎఫ్ అయినా చాలామట్టుకు ఏ4 కాగితం లెక్కన తయారైతది. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. మీ ట్యాబ్‌ను నిలువుగ పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు 11 సెంటీమీటర్ల మీద కొంచెం, అంతే. అంటే పేజీ సగానికి కుదించుకపోతది, అక్షరాలు కూడ సగమే. తెలుగు, ఇంగ్లీష్ మామూలు లైన్లయితే కండ్లు చిట్లించుకొని చదువొచ్చు, కానీ మ్యాథ్స్ అట్ల కాదు. ఫస్టియర్ మ్యాథ్స్ రెండు పేపర్లల్ల మొదటిది 1ఏ, దాంట్ల మాట్రిసెస్ ఉంటయ్, మూడు అడ్డవరుసలు మూడు నిలువువరుసల మాట్రిక్స్‌లు రెండు పక్కపక్కన పెట్టి గుణించిన లెక్క ఒకటి తెరిచి చూడుండ్రి, పవర్ మీద ఉన్నది 2 నా 3 నా, ముందట మైనస్ ఉన్నదా లేదా తెల్వదు. వేళ్ళతోటి పెద్దగ చేస్తే సగం లెక్క స్క్రీన్ బయటికి పోతది. అడ్డం తిప్పితే అక్షరాలు మంచిగనే కనపడతయ్ గానీ పేజీల సగం కూడ కనపడదు, ఫిజిక్స్‌ల బొమ్మ పైన ఉండి ప్రశ్న కింద ఉంటే పైకి కిందికి జరుపుడే పని. రోజూ రెండు గంటలు ఇట్ల చదివితే ఏ పిల్లకైనా ఇసుగొస్తది.

కాబట్టి తేల్చుకోవాల్సింది ఒక్కటే, మీ బిడ్డ పీడీఎఫ్‌ల మీదనే చదువుతదా, లేకపోతే పుస్తకాల మీద చదివి ట్యాబ్‌ల వీడియోలు చూస్తదా? కాలేజీ మెటీరియల్ ప్రింట్‌లనే ఇస్తున్నరా అని అడుగుండ్రి. ఇస్తున్నరంటే, తెలుగు అకాడమీ పుస్తకాలు కూడ చేతిల ఉన్నయంటే, చదువుడు అంతా కాగితం మీదనే అయితది, అట్ల కావాలె కూడ, ఎందుకంటే ఇంటర్ పరీక్ష పెన్నుతోటి కాగితం మీద రాసేదే. పెన్ను ట్యాబ్ ఉంటే లెక్కలు దాంట్లనే చేయొచ్చు అని సారు అనుకోని ఉండొచ్చు, కానీ 1ఏ, 1బీ పరీక్షల ఆ పిల్ల స్టెప్పులన్నీ తెల్ల కాగితం మీద వరుసగ రాయాలె. ఆ చెయ్యి అలవాటు రఫ్ నోట్స్ నింపితేనే వస్తది. ఒకవేళ కాలేజీవాళ్ళు వాట్సాప్‌ల పీడీఎఫ్ పడేసి ఊకుంటున్నరంటే మాత్రం నాకు మళ్ళ రాయుండ్రి, అప్పుడు నా జవాబు మారుతది. అయినా ముఖ్యమైన పేజీలు జిరాక్స్ సెంటర్ల ప్రింట్ తీపిచ్చుకున్నా రెండేండ్లకు 13 వేలైతే కాదు.

ఇగ చిన్నది ఎక్కడ మంచిదో కూడ చూడుండ్రి, ఇది మీ బిడ్డ మాటల్నే ఉన్నది. ఆమె పరకాల నుంచి హన్మకొండకు పొద్దుగాల ఒక గంట, సాయంత్రం ఒక గంట బస్సుల ఉంటది. 2023 డిసెంబర్ల ఆడోళ్ళకు ఫ్రీ బస్సు పెట్టినప్పటి నుంచి కాలేజీ టైమ్ల బస్సులు ఎట్ల నిండుతున్నయో మీకు నేను చెప్పాల్నా, ఆ ఫ్రీ టికెట్ వల్లనే ఎంతమంది ఆడపిల్లలు ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్నరో నేను రోజు చూస్తున్న, సంతోషంగ ఉంటది. కానీ సీటు దొరకదు, ఒక చేత్తోటి రాడ్ పట్టుకోని నిలవడాలె. 11 అంగుళాల ట్యాబ్‌లు దగ్గరదగ్గర 480 గ్రాములు ఉంటయ్, కవర్ వేస్తే ఇంక బరువు. 8.7 ది 330 చుట్టుపక్కల ఉంటది, బ్యాగ్‌ల చిన్న అరల పడుతది. నిలవడ్డప్పుడు చూడొద్దు, బస్సు ఊగుతుంటే కండ్లు గుంజుతయ్, తలకాయ నొస్తది, కానీ ఇయర్‌ఫోన్ పెట్టుకోని నిన్నటి పాఠం మళ్ళ ఇనొచ్చు, సీటు దొరికిన రోజు చూడొచ్చు. మా అక్క కొడుకుకు ఇంటర్ల పెద్ద ట్యాబే కొనిచ్చినం, నేనే చెప్పి కొనిపిచ్చిన. పగులుతదేమో అని వాడు దాన్ని ఇంట్ల నుంచి బయటికి తీయలే, రెండు నెలలకు అది టీవీ ముందట బల్ల మీద ఇంకో టీవీ అయింది. అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా వస్తువు ఎంత పెద్దది అని కాదు, పిల్ల చేతిల ఎన్ని గంటలు ఉంటది అని చూస్త.

పరీక్షల సంగతి. ఈఏపీసెట్, అంటే మన రాష్ట్రంల ఇంజనీరింగ్ సీట్లకు పెట్టే పరీక్ష, కంప్యూటర్ మీద రాస్తరు, 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. జేఈఈ మెయిన్ కూడ కంప్యూటర్ మీదనే, 75 ప్రశ్నలు, మూడు గంటలు. రెండిట్ల చేతిల ఉండేది మౌస్, ఎదురుంగ ఉండేది పెద్ద మానిటర్, పక్కన రఫ్ పేపర్. మరి 8.7 అంగుళాల మీదనైనా 11 అంగుళాల మీదనైనా వేలితోటి ఒత్తుకుంట రాసే మాక్ టెస్ట్ అసలు పరీక్ష లెక్క ఉండదు కదా. ఈఏపీసెట్ వెబ్‌సైట్ల మాక్ టెస్ట్ ఫ్రీగ పెడ్తరు, అది కంప్యూటర్ల ఎట్ల కనపడుతదో అట్లనే కాలేజీ ల్యాబ్‌లనో హన్మకొండ నెట్ సెంటర్లనో నెలకు ఒకటి రెండు సార్లు రాపియ్యుండ్రి, సెకండియర్‌ల ఎక్కువ చేపియ్యుండ్రి. అందుకని మాక్ టెస్ట్‌ల కోసమని పెద్ద ట్యాబ్ కొనుడు వద్దు.

అన్నిటికన్న పెద్ద కారణం ఇగో ఇది. మీ బిడ్డ రెండేండ్లయినంక బీటెక్‌ల చేరుతది, సీఎస్‌ఈ అయినా ఈసీఈ అయినా ఫస్టియర్‌ల ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఉంటది, అప్పుడు ల్యాప్‌టాప్ లేకుంట నడువదు. ట్యాబ్, పెన్ను ట్యాబ్ అయినా సరే, ఆ పనికి రాదు. ఇప్పుడు 25 వేలు పెట్టి కొన్నది అప్పటికి పాతదైతది, మళ్ళ 40, 50 వేలు ఎక్కడ నుంచి తెస్తరు? మంచి ర్యాంకు వచ్చినంక ల్యాప్‌టాప్ లేక ఫస్టియర్‌ల వెనకవడ్డ పిల్లలు నా దగ్గరికి వస్తరు, ల్యాబ్‌ల పక్కోళ్ళ స్క్రీన్ చూసి రాసుకుంటున్న అని చెప్పుకుంట ఏడ్చిన పిల్ల ఉన్నది. ఆ 13 వేలు పోస్టాఫీసుల బిడ్డ పేరు మీద వెయ్యుండ్రి, వచ్చే పంటకు ఇంకొంచెం కలుపుండ్రి.

కానీ ఒక్క విషయంల నేను సైజు కన్న ఎక్కువ భయపడుతున్న, మీ ఉత్తరంల అది లేదు. మీ ట్యాబ్‌ల సిమ్ పడుతదా, ఉత్త వైఫై మీదనే నడుస్తదా? ఇంట్ల వైఫై లేకపోతే హాట్‌స్పాట్ మీ ఫోన్ నుంచే పెట్టాలె, మీరేమో పొద్దుమూకే దాక చేన్ల ఉంటరు, ఫోన్ మీ జేబుల ఉంటది. బిడ్డ ఐదింటికి ఇంటికొచ్చి మీకోసం ఎదురుచూసుకుంట కూసుంటది. ఇది ఉత్త వైఫైది అయ్యి, వాపస్ తీసుకుంటరంటే, ఇదే సైజుల సిమ్ వేసేది తీస్కోండ్రి, కొంచెమే ఎక్కువైతది. వాపస్ కాకపోతే, రాత్రి మీరు ఇంట్ల ఉన్నప్పుడు రేపటి వీడియోలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకునే అలవాటు చేపియ్యుండ్రి. మన రాష్ట్ర సర్కారు నడిపే టీ-శాట్ యాప్‌ల మన సిలబస్ పాఠాలు ఫ్రీగ ఉంటయ్, ఐఐటీ కాన్పూర్ వాళ్ళు కేంద్ర విద్యాశాఖతోటి కలిసి నడిపే సాథీ ల జేఈఈకి ఫ్రీగ క్లాసులు ఉన్నయ్. వేలకు వేలు పెట్టి కోర్సు అమ్మేటోళ్ళు ఫోన్ చేస్తే కట్ చెయ్యుండ్రి, సంతకం మాత్రం పెట్టకుండ్రి, ఈఎంఐ అంటే అసలే వద్దు.

వాపస్ అన్నరు కదా, ఆర్డర్ పేజీ తెరిచి దాంట్ల రిటర్న్ అని ఉన్నదా, రీప్లేస్‌మెంట్ అని ఉన్నదా సరిగ్గ చదువుండ్రి. ఇట్లాంటి వస్తువులకు ఎక్కువసార్లు రీప్లేస్‌మెంటే ఉంటది, అంటే లోపం ఉంటే అదే మోడల్ ఇంకోటి ఇస్తరు, పైసలు ఇయ్యరు. చిన్నగున్నది, నచ్చలే అంటే తీసుకోవాలని మన దగ్గర చట్టం లేదు, అది అమ్మినోళ్ళ పాలసీని బట్టే. లోపం ఉన్నా వాపస్ తీసుకోం అని అంటే మాత్రం ఊకోకుండ్రి, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సామాను బిల్లుల రాసిన గడువు లోపల, బిల్లుల గడువు లేకపోతే 30 రోజుల లోపల వాపస్ తీసుకోననుడు తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేయొచ్చు, తెలుగుల మాట్లాడుతరు.

కాబట్టి ఉన్న మూడు రోజులల్ల లోపం ఉన్నదా అని గట్టిగ చూడుండ్రి. తెల్ల బొమ్మ ఒకటి, నల్ల బొమ్మ ఒకటి స్క్రీన్ నిండ పెట్టి చుక్కలు ఏమన్న కనపడుతున్నయా చూడుండ్రి. ఫుల్ చార్జింగ్ పెట్టి గంట వీడియో నడిపిచ్చి ఎంత దిగిందో, వెనకాల ఎంత వేడెక్కిందో చూడుండ్రి. ఇయర్‌ఫోన్ పెట్టి అటూ ఇటూ కదిలిచ్చుండ్రి, మైక్‌ల మాట్లాడి రికార్డ్ చేసి ఇనుండ్రి, సెట్టింగ్స్‌ల స్టోరేజ్ ఎంత ఖాళీగ ఉన్నదో, మెమరీ కార్డ్ పడుతదో చూడుండ్రి. అట్టపెట్టె, బిల్లు, చార్జర్ కవరు ఏదీ పారెయ్యకుండ్రి.

ఆదివారం బిడ్డ ఇంట్ల ఉంటది కదా, మాట్రిసెస్ పీడీఎఫ్ ఒకటి తెరిచి ఆమె చేతికియ్యుండ్రి, నోట్‌బుక్ పక్కన పెట్టి రెండు లెక్కలు చెయ్యమనుండ్రి. మీరేం మాట్లాడకుండ పక్కన కూసోని, స్క్రీన్‌ను ఎన్నిసార్లు పెద్దగ చేస్తదో చూడుండ్రి. తర్వాత ఆమెనే అడుగుండ్రి, సారు మాట, నా మాట పక్కన పెట్టి ఆమె ఏం చెప్తే అది నాకు రాయుండ్రి.