రోడ్డు మీద పడుకునే కుటుంబాలకు గుడి, చర్చి వాళ్లు ఏం చేయొచ్చు?
ప్రశ్న: నెల్లూరు స్టేషన్ దగ్గర పిల్లలతో బయటే పడుకునే కుటుంబాలకు మా గుడి కమిటీ, పక్క చర్చి కుర్రాళ్లు కలిసి ఏం చేయొచ్చు?

జవాబు: భోజనమైతే పులిహోర పొట్లాలు మేలు. సాంబారన్నం ఈ ఎండకి తొందరగా పాడవుతుంది. కిలో బియ్యానికి ఎనిమిది పొట్లాలు లెక్కేసుకోండి.

అసలు చిక్కు రాత్రి పడక. నిరాశ్రయుల వసతి గృహానికి తీసుకెళ్లేముందే, కుటుంబాన్ని కలిపి ఉంచుతారా అని అడగండి. మగవాళ్లు వేరేచోట అంటే చాలామంది మళ్లీ స్టేషన్‌కే వచ్చేస్తారు. అప్పుడు కళ్యాణ మండపంలో ఓ గది, చాపలు, దోమతెర, తాళమున్న ట్రంకుపెట్టె ఇవ్వండి. పెట్టె తప్పనిసరి: అక్టోబరు, నవంబరు వానల్లో మొట్టమొదట తడిసేది ఆధార్, రేషన్ కార్డులే.

పిల్లల్ని బడిలో వేయడానికి కాగితాల కోసం ఆగొద్దు. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. ప్రార్థనకొస్తేనే అన్నం అనే షరతు మాత్రం ఎవరూ పెట్టకండి.