19 లక్షల కారు, ఆపైన ర్యాలీ: నెలకు 35 వేల మిగులు సరిపోతుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1.20 లక్షలు వస్తాయి. అద్దె 25 వేలు, ఖమ్మంలో ఉన్న అమ్మానాన్నలకు 12 వేలు, పెట్రోలుతో కలిపి ఇంటి ఖర్చు 33 వేలు, సిప్‌లకు 15 వేలు పోగా 35 వేలు మిగులుతోంది. 7 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప పుట్టాక నా భార్య ఉద్యోగం మానేసింది. టర్మ్ పాలసీ లేదు, కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ ఒక్కటే. నాకు కార్ల పిచ్చి. 2016 స్విఫ్ట్ అమ్మితే 3 లక్షలు వస్తాయి. అడాస్ (డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ), సన్‌రూఫ్, 360 డిగ్రీల కెమెరా ఉన్న ఎస్‌యూవీ టాప్ మోడల్ ఆన్‌రోడ్ 19 లక్షలు. 15 లక్షలు లోన్, 7 ఏళ్లకు ఈఎంఐ 24 వేలే అని షోరూమ్‌లో చెప్పారు. మిగిలే 11 వేలతో ర్యాలీ రేసింగ్ మొదలుపెట్టాలని ఉంది. లేదంటే స్విఫ్ట్ అమ్మకుండా, ఎఫ్‌డీ తీసి దాన్నే ర్యాలీ కారుగా మార్చుకోవచ్చా?

జవాబు: మీరు లెక్క రాసి పంపారు, అది చాలా మంచి పని. కార్ల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది హార్స్‌పవర్ రాస్తారు గానీ జీతం రాయరు.

ముందు ఆ 11 వేల సంగతి చూద్దాం. అది మీ చేతిలో లేదు. 19 లక్షల కారుకు, విడిభాగాల తరుగు కోయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్‌తో ఏటా బీమా 30 వేలు, సర్వీసింగ్ 12 వేలు అనుకుందాం. మీరు వెంటనే తీసుకోవాల్సిన టర్మ్ పాలసీకి సుమారు 18 వేలు, ఇంటిల్లిపాదికీ సొంత హెల్త్ పాలసీకి 20 వేలు. మొత్తం 80 వేలు, అంటే నెలకు 6,700. ఇక ర్యాలీకి మిగిలేది నాలుగు వేల చిల్లర. ర్యాలీలో వేగంగా నడిపే మట్టి దారుల్లో, అంటే స్టేజీల్లో, నాలుగు టైర్లు అరిగిపోవడానికి ఒక వారాంతం చాలు. ఆ నాలుగు వేలు కూడబెట్టి ఆ టైర్లు కొనాలంటే ఎన్ని నెలలు పడుతుందో చూసుకోండి.

షోరూమ్ వాళ్లు ‘24 వేలే’ అన్నది నిజమే. 15 లక్షలకు 9 శాతం వడ్డీతో 84 నెలల ఈఎంఐ 24,134. కానీ ఆ ఏడేళ్లలో కట్టే వడ్డీ 5.27 లక్షలని వాళ్లు చెప్పి ఉండరు. ఇంకో లెక్క కూడా ఉంది. కారు పూర్తిగా పాడైనా, దొంగతనానికి గురైనా బీమా కంపెనీ ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో కారుకు రాసిన విలువ. దాన్ని ఎక్స్‌షోరూమ్ ధర మీద లెక్కగడతారు. లైఫ్ ట్యాక్స్, బీమా ప్రీమియం అందులోకి రావు. మీ కారు ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు 15.5 లక్షలు ఉంటుంది. ప్రామాణిక పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటిన కారుకు 50 శాతం తరుగు, అంటే ఐడీవీ 7.75 లక్షలు. అదే రోజున బ్యాంకుకు మీరు ఇంకా బాకీ ఉండే అసలు 7.59 లక్షలు. నాలుగేళ్లు క్రమం తప్పకుండా ఈఎంఐలు కట్టాక కారు పోతే మీ చేతికి వచ్చేది పదహారు వేలు. ఏడేళ్ల కారు లోన్ వద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. ఐదేళ్లలో తీర్చలేని కారు మనది కాదు, బ్యాంకుది.

ఇప్పుడు మీ పిచ్చి గురించి. దాన్ని వదులుకోమని చెప్పను. కానీ మీరు రెండు వేర్వేరు కోరికలను ఒకే బిల్లులో కలిపేశారు. పాపను ఎక్కించుకుని ఖమ్మం వెళ్లే కారు ఒకటి, స్టీరింగ్ పట్టుకుంటే గుండె వేగం పెరిగే ఆట ఇంకొకటి. సరదాకు పెట్టాల్సిన డబ్బంతా షోరూమ్‌లో టాప్ మోడల్‌కు పోసి, తర్వాత ఆదివారం యూట్యూబ్‌లో ర్యాలీలు చూస్తూ కూర్చునే వాళ్లను చాలామందిని చూశాను. మీరు అలా కావద్దు. కారు మీద తగ్గించండి, నడపడం మీద పెట్టండి.

కుటుంబం కారు విషయంలో నేను రాజీపడనివి ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు జారిపోకుండా అదుపు చేసే ఈఎస్‌సీ, పాప సీటును గట్టిగా బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో మంచి రేటింగ్. ఇవి ఇప్పుడు చాలా కార్లలో మధ్య వేరియంట్లలోనే దొరుకుతున్నాయి. అడాస్‌లో నాకు నిజంగా విలువైనదిగా కనిపించేది ఒక్కటే: ముందు బండి హఠాత్తుగా ఆగితే తనంతట తాను బ్రేకు వేసేది. ముందు బండిని బట్టి వేగం సర్దుకునే అడాప్టివ్ క్రూయిజ్ అవుటర్ రింగ్ రోడ్డు మీద హాయిగానే ఉంటుంది. కారును వరస తప్పకుండా ఉంచే లేన్ కీప్ అసిస్ట్‌కు మాత్రం రోడ్డు మీద గీతలు కావాలి. మీ ఆఫీసు దారిలో గీతలు ఎక్కడెక్కడ కనిపిస్తాయో మీకే తెలుసు. పైగా ఈ వ్యవస్థ కళ్లు ముందు అద్దం వెనకున్న కెమెరా, ముందు భాగంలోని రాడార్. అద్దం పగిలితే మార్చడంతో అయిపోదు, కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి. బంపర్‌కు తగిలిన చిన్న దెబ్బ బిల్లు కూడా పెద్దదే. కనెక్టెడ్ ఫీచర్లు మొదట కొన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత రెన్యువల్ అడుగుతారు. సన్‌రూఫ్ గురించి, మే నెల హైదరాబాద్ ఎండను గుర్తుచేయడం తప్ప నేను చెప్పేదేమీ లేదు.

ధరలోనూ ఒక గీత ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. డీజిల్ అయితే 1,500 సీసీలోపు. వీటిని మించిన పెట్రోల్, డీజిల్ కార్లకు 40 శాతం. అలాగే ఎక్స్‌షోరూమ్ 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శ్లాబు పెరుగుతుంది, 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. టీసీఎస్‌ను రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లైఫ్ ట్యాక్స్ మాత్రం తిరిగి రాదు. అందుకే 10 లక్షల ఎక్స్‌షోరూమ్ లోపు, ఆన్‌రోడ్ 12 లక్షలలోపు దొరికే మధ్య వేరియంట్ చూడండి. స్విఫ్ట్ 3 లక్షలు, ఎఫ్‌డీ నుంచి 2 లక్షలు వేస్తే లోన్ 7 లక్షలే. అదే 9 శాతానికి ఐదేళ్ల ఈఎంఐ 14,531, మొత్తం వడ్డీ 1.72 లక్షలు. ఎఫ్‌డీలో మిగిలే 5 లక్షలు సిప్ కాకుండా మీ ఆరు నెలల ఖర్చుకు, ఈఎంఐకి దాదాపు సరిపోతాయి. ఒక్క జీతం మీద ముగ్గురు నడుస్తున్న ఇంట్లో ఆ డబ్బుకు చెయ్యి తగలకూడదు. ర్యాలీకి అసలే తగలకూడదు.

స్విఫ్ట్‌ను ర్యాలీ కారుగా మార్చుకోవచ్చా అన్నారు. వద్దు. అమ్మకపోతే లోన్ ఇంకో 3 లక్షలు పెరుగుతుంది, అంటే నెలకు మరో 6,200. మీ పేరున రెండో కారు కాబట్టి తెలంగాణలో కొత్త కారు లైఫ్ ట్యాక్స్ అదనంగా 2 శాతం. అసలు చిక్కు వేరే ఉంది. స్టేజ్ ర్యాలీ కారుకు రోల్ కేజ్ (లోపల బిగించే ఇనుప గొట్టాల పంజరం), బకెట్ సీట్లు, హార్నెస్ బెల్టులు, మంటలార్పే పరికరం ఉండాలి. కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. పైగా హెల్మెట్ లేకుండా రోల్ కేజ్ కారులో తిరగడం ప్రమాదం. స్టేజీలో తలను కాపాడే ఆ ఇనుప గొట్టమే రోడ్డు మీద చిన్న గుద్దుడుకు తలకు తగులుతుంది. అంటే ఆ కారు ఇక ఆఫీసుకు పనికిరాదు, ప్రతి పోటీకీ లారీ ఎక్కించి పంపాలి. చెన్నైలో సౌత్ ఇండియా ర్యాలీ, కోయంబత్తూరు ర్యాలీ, బెంగళూరు కే-1000 లాంటి జాతీయ చాంపియన్‌షిప్ పోటీల పేర్లు చూస్తే ఆ లారీ కిరాయి ఎంతో ఊహించుకోవచ్చు. ఎంట్రీ ఫీజు, మెకానిక్‌లు, వాళ్ల బస, టైర్లు, కో-డ్రైవర్ ఖర్చు వేరే. కారు లోయలో పడితే బాగుచేయించే ఖర్చు ఇంకా వేరే.

ఈ ఆటలో పైకి వెళ్లినవాళ్లు ఎవరి డబ్బుతో నడిపారో కూడా చూడండి. ఆసియా-పసిఫిక్ ర్యాలీ టైటిల్‌ను 2013, 2016, 2017లలో గెలిచి, 2019లో మోటార్ స్పోర్ట్స్ నుంచి తొలి అర్జున అవార్డు అందుకున్న గౌరవ్ గిల్ వెనుక ఎంఆర్ఎఫ్ లాంటి టైర్ కంపెనీ జట్టు ఉంది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ ఖర్చు తగ్గించడానికంటూ 2027 నుంచి కారు ధరకు పెట్టిన పరిమితే 3.45 లక్షల యూరోలు. మన డబ్బుల్లో మూడున్నర కోట్ల దాకా. అది తగ్గించాక!

మరి మీరు ఎక్కడ మొదలుపెట్టాలి? టీఎస్‌డీతో. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ ర్యాలీ మామూలు రోడ్ల మీద, మామూలు కారుతో జరుగుతుంది. రోడ్‌బుక్‌లోని చిన్న చిన్న బొమ్మలు చూస్తూ, ఇచ్చిన సగటు వేగంతో, చెప్పిన సమయానికి ప్రతి చెక్‌పాయింట్‌కు చేరాలి. ఆలస్యమైతే పెనాల్టీ, ముందే చేరినా పెనాల్టీ. ఇక్కడ గెలిచేది కాలు కాదు, పక్క సీటులో లెక్కలు కట్టే నావిగేటర్ బుర్ర. మీ ఆవిడకు లెక్కలంటే ఇష్టమైతే ఆ సీటు ఆమెకే ఇవ్వండి. ఇంట్లో ఈ ఖర్చుకు ఒప్పుదల దొరికే మార్గం కూడా అదే. స్టేజ్ ర్యాలీ రుచి చూడాలంటే మొదట మార్షల్‌గా, అంటే పోటీ దారిలో భద్రత చూసుకునే వాలంటీరుగా వెళ్లండి. నిర్వాహక క్లబ్బులకు వాలంటీర్లు ఎప్పుడూ కావాలి. పోటీ కార్లను బాగుచేసే సర్వీస్ పార్క్‌లో ఒక రోజు నిలబడితే ఏ భాగం ఎన్నిసార్లు మారుస్తారో, బిల్లు ఎక్కడ పెరుగుతుందో కళ్లారా తెలుస్తుంది. ఆ తర్వాత శిక్షణ, ఆపైన ఆటోక్రాస్, అంటే చిన్న మట్టి ట్రాక్‌లో సమయంతో పోటీ. మట్టిలోకి మాత్రం కొత్త కారుతో దిగకండి. పోటీలో వాడిన కారుకు కంపెనీ వారంటీ వర్తించదు, పైగా అది బ్యాంకు దగ్గర తాకట్టులో ఉన్న కారు.

బీమా దగ్గర నిదానంగా చదవండి, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మామూలు మోటారు పాలసీలో ‘వాడకానికి పరిమితులు’ అనే భాగం ఉంటుంది. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కు కవరేజీ లేదని అందులోనే రాసి ఉంటుంది. టీఎస్‌డీ రేసింగ్ కాదు కదా అని మీరు అనుకోవచ్చు, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ అలా అనుకోకపోవచ్చు. ర్యాలీల కోసం అదనపు ప్రీమియంతో పాలసీకి జోడించే ఎండార్స్‌మెంట్ అనే ఏర్పాటు ఉంది. పోటీ పేరు, తేదీలు రాసి మీ బీమా కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే బయల్దేరండి.

హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే మాటల్లో ఖరారు చేసింది. మోటార్ రేసింగ్ అందులో పేరుతో సహా ఉంది. కాకపోతే ‘ప్రొఫెషనల్‌గా పాల్గొంటే’ అనే మాట ఉంది. మీరు సరదాకు పాల్గొనేవాళ్లు కాబట్టి ఆ మాట మీ వైపే ఉంటుంది, అయినా పాలసీ తీసుకునే ముందే అడిగి రాయించుకోండి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో రేసింగ్ మినహాయింపు చాలాసార్లు ఇంకా కఠినంగా ఉంటుంది, అందుకే ఆ పత్రాన్నీ చదవండి. మీ వయసులో చావు కంటే, చెయ్యో కాలో దెబ్బతిని ఏడాది ఇంట్లో కూర్చోవాల్సి రావడానికే అవకాశం ఎక్కువ. దానికి రక్షణ ఈ పాలసీయే.

టర్మ్ పాలసీకి మీ జీతం, పాప వయసు చూస్తే 2 కోట్లు కావాలి. ప్రపోజల్ ఫారంలో ప్రమాదకరమైన సరదాలున్నాయా అని అడుగుతారు. చాలా ఫారాల్లో పాల్గొనే ఉద్దేశం ఉందా అని కూడా ఉంటుంది. ‘ఇంకా పోటీ లైసెన్స్ తీసుకోలేదు కాబట్టి లేదు అని రాస్తా’ అనుకోకండి. ఈ ఉత్తరం రాశారంటే ఉద్దేశం ఉన్నట్టే. ప్రీమియం కొంచెం పెంచుతారేమో, పెంచనివ్వండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించలేరు. కానీ మొదటి మూడేళ్లలోనే ఏదైనా జరిగితే, దాచిపెట్టిన ఆ ఒక్క గడి మీ భార్య చేతికి రావాల్సిన డబ్బును ఆపేస్తుంది. టర్మ్, హెల్త్ పాలసీలు రెండూ చేతికి వచ్చాకే మన దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్స్‌కు దరఖాస్తు చేయండి.

ఇక డబ్బు. 35 వేలలో ఈఎంఐ 14,531. బీమాలు, సర్వీసింగ్‌కు నెలకు ఆరు వేలు పక్కన పెట్టండి. మిగిలే 14 వేలలో 6 వేలు పాప పేరు మీద కొత్త సిప్. 8 వేలు వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, అది మీ ర్యాలీ ఖాతా. ఏడాదికి 96 వేలు. హెల్మెట్ దగ్గర నుంచి హోటల్ గది దాకా అందులోంచే, నగదుగానే. ఈ ఖాతాకు క్రెడిట్ కార్డు వద్దు, దానికోసం పర్సనల్ లోన్ అసలే వద్దు. ఖాళీ అయిన నెల ఇంట్లోనే ఉండండి. మీ భార్య మళ్లీ ఉద్యోగంలో చేరాక ఈ మొత్తం పెంచుకోవచ్చు. సిప్ మాత్రం ఇప్పుడున్న 15 వేల నుంచి తగ్గడానికి వీల్లేదు.

ఏడాది తర్వాత కూడా మోజు ఇలాగే ఉండి స్టేజ్ ర్యాలీలోకి దిగాలనిపిస్తే, కారు కొనకండి, అద్దెకు తీసుకోండి. సిద్ధం చేసిన కారును, మెకానిక్‌లతో సహా ఒక పోటీకి ఇచ్చే జట్లు మన దగ్గర ఉన్నాయి. కాగితం మీద సంతకం పెట్టే ముందు మూడు విషయాలు అడగండి: కారు దెబ్బతింటే మీ బాధ్యత గరిష్ఠంగా ఎంత, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, ఇంజిన్ దానంతట అదే ఆగిపోతే అద్దె వెనక్కి వస్తుందా. మొదటిదానికి అంకె చెప్పకుండా ‘చూసుకుందాం సార్’ అన్నవాళ్ల దగ్గర తీసుకోకండి.